కుర్చీ ఎక్కాక

మొన్న తాంబరంలో ఒక బడి వార్షికోత్సవానికి వెళ్లాను. తాను సుద్దముక్క వదిలి పదేళ్లయిందని హెడ్మాస్టరు గారు మైకులో గొప్పగా చెప్పుకుంటుంటే ఒళ్లు మండింది. ఈ కాలమ్ చదివేవారికి నా పాత పాట తెలుసు: పని వచ్చినవాడు ఎంత పెద్ద కుర్చీ ఎక్కినా ఆ పని వదలకూడదు. ఆయన ప్రసంగం సాగుతుండగానే మా నెత్తిమీదుగా పిలాటస్ శిక్షణ విమానం రొద చేస్తూ వెళ్లింది. పైలట్లకు నేర్పే గురువులను తయారుచేసే ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్స్ స్కూలు 1954 నుంచీ ఇక్కడే ఉంది.

ఆ రొదకు ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్ గుర్తొచ్చారు. 1923లో హైదరాబాదులో పుట్టారు. నిజాం కాలేజీలో చదివి, పద్దెనిమిదేళ్లకే వైమానిక దళంలో చేరారు. ఇంగ్లండులో హరికేన్, స్పిట్‌ఫైర్ నడపడం నేర్చుకున్నారు, బర్మా యుద్ధం చూశారు. దేశ విభజనప్పుడు తోటి అధికారులు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ తమతో పాకిస్తాన్ వచ్చెయ్యమన్నారు. ఆయన కదల్లేదు. వాళ్లిద్దరూ తర్వాత అక్కడి వైమానిక దళానికి అధిపతులయ్యారు. 1978 సెప్టెంబరులో లతీఫ్ మన దళానికి అధిపతి అయ్యారు. ఇక్కడే ఉండిపోవాలన్న ఆయన నిర్ణయం ఎప్పుడు తలుచుకున్నా నాకు గొంతు పూడుకుపోతుంది.

1981 ఆగస్టులో, పదవీ విరమణకు కొద్ది రోజుల ముందు, యాభై ఎనిమిదేళ్ల వయసులో ఆయన మిగ్-25లో ఎగిరారు. ధ్వనికి రెండున్నర రెట్లకు పైగా వేగంతో పోగల విమానం అది. ఈ ఘట్టంతో నా పాటకు మరో చరణం కలుపుదామనే రాయడానికి కూర్చున్నాను.

కానీ ఆ మూడేళ్లూ ఆయన చేసిన పనిని వరసగా చూసుకుంటే, ఆ ఎగరడం అందులో చిన్న ముక్క. కాన్‌బెర్రా, హంటర్ విమానాలు ముసలివైపోతున్నా, వాటి స్థానంలో ఏది కొనాలన్న ఫైలు ఏళ్ల తరబడి నానింది. ప్రభుత్వాన్ని ఒప్పించి జాగ్వార్ కొనుగోలును ఒడ్డున పడేయడంలో లతీఫ్‌ది పెద్ద చెయ్యి. 1978లోనే ప్రభుత్వం జాగ్వార్‌ను ఎంచుకుంది. 1979 జూలైలో తొలి జాగ్వార్లు మన నేల మీద దిగాయి. తర్వాత బెంగళూరు హెచ్‌ఏఎల్‌లోనే వాటిని తయారుచేశారు. ఇదంతా కుర్చీలో కూర్చుని, కాగితాలు ముందేసుకుని, మంత్రులకూ అధికారులకూ ఓపిగ్గా నచ్చజెప్పి చేసిన పని. కాక్‌పిట్‌లో ఎన్ని గంటలు గడిపినా ఇది జరిగేది కాదు.

కాబట్టి హెడ్మాస్టరు గారిని నేను అడగాల్సింది సుద్దముక్క సంగతి కాదు, ఆ పదేళ్లలో తన టీచర్లకు ఏం సాధించిపెట్టారన్నది. లతీఫ్ 2018లో హైదరాబాదులో కన్నుమూశారు. ఆయన ఎక్కిన మిగ్-25ల పని 2006లోనే ముగిసింది. ఆయన తెప్పించిన జాగ్వార్లను మాత్రం, ఆ ఫైలు కదిలేనాటికి పుట్టనైనా పుట్టని పైలట్లు నడుపుతూ వచ్చారు.