‘స్టార్ ట్రెక్’: ఒక కథ, రెండు పాఠములు

పాఠభేదచర్చ మనకు క్రొత్త గాదు. ఒకే పద్యము వేర్వేరు తాళపత్రప్రతులలో వేర్వేరు రూపములతో కన్పట్టినపుడు, కవి వ్రాసిన దేది, లేఖకుడు దిద్దిన దేది యని పరిష్కర్తలు శ్రమపడుట మన మెరుగుదుము. అట్టి తావుల మన కొక నియమము కలదు. కవిపాఠము గ్రాహ్యము, దిద్దుబాటు ఎంత యందముగా నున్నను త్యాజ్యము. ఈ నియమమునకు సులభముగా లొంగని యుదాహరణ మొకటి ‘స్టార్ ట్రెక్’ అను అమెరికా టెలివిజన్ ధారావాహికలో నున్నది. అందలి యొక కథకు రచయిత వ్రాసిన పాఠము వేరు, ప్రసారమైన పాఠము వేరు. మొదటిదానికి అమెరికా రచయితల సంఘము బహుమానమిచ్చినది. రెండవదానికి 1968లో హ్యూగో బహుమానము లభించినది. రెంటిలో నేది మేలను ప్రశ్న తేలవలెనన్నచో, ఆ ధారావాహిక స్వభావమేమో ముందు తేలవలెను.

టెలివిజన్ ధారావాహిక యిట్టి సంచికలో చర్చింపదగిన వస్తువా యని శంకించు మిత్రులు లేకపోలేదు. దృశ్యకావ్యమును శ్రవ్యకావ్యముతో సమముగా, ఒక్కొక్కచో నంతకంటె మిన్నగా గౌరవించిన సంప్రదాయము మనది. రంగస్థలము పెట్టెలోనికి వచ్చినంత మాత్రమున లక్షణశాస్త్రము చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు.

ఎన్.బి.సి. సంస్థ ఈ ధారావాహికను 1966 సెప్టెంబరు 8వ తేదీన ప్రారంభించి 1969 జూన్ 3వ తేదీతో ముగించినది. మొత్తము ప్రసారమైన భాగములు 79. దీని కల్పనాకర్త జీన్ రాడెన్‌బెరీ రెండవ ప్రపంచయుద్ధములో విమానము నడపినవాడు. అటుపిమ్మట లాస్ ఏంజలస్ నగరమున పోలీసు ఉద్యోగము చేసి, రచనను వృత్తిగా స్వీకరించినవాడు. అమెరికా పశ్చిమసీమకు బండ్ల బిడారులతో వలసపోయిన జనుల కథలు చెప్పు ‘వాగన్ ట్రెయిన్’ అను ధారావాహిక ఆనాడు మిక్కిలి ప్రచారములో నుండెను. తాను తలపెట్టినది నక్షత్రములకు సాగు అట్టి బిడారే యని అతడు నిర్మాతలకు చెప్పెను. ఎంటర్‌ప్రైజ్ అను వ్యోమనౌక, దానిలో నాలుగు వందలకు పైబడిన సిబ్బంది, వారి నాయకుడు కర్క్, తండ్రి వల్కన్ జాతివాడును తల్లి మానవస్త్రీయు నైన స్పాక్, వైద్యుడు మెకాయ్: ఇవి ప్రధానసామగ్రి. స్పాక్ బుద్ధికిని, మెకాయ్ హృదయమునకును ప్రతినిధులని విమర్శకు లందరు నన్నదే. దానిని మరల విస్తరించుట పిష్టపేషణము.

రోదసీయాత్ర వస్తువైనపుడు అంగిరసము అద్భుతమని యెవరైన ననుకొందురు. నా యభిప్రాయ మట్లు గాదు. ఇందు అద్భుతము తలుపువంటిది; లోపల నుండు గది వేరు. 1967 మార్చి 9వ తేదీన ప్రసారమైన ‘ది డెవిల్ ఇన్ ది డార్క్’ కథనే గైకొందము. ఒక గ్రహమున గనులు త్రవ్వు కార్మికులను రాతినే తొలుచుకొనిపోగల యొక వింతజంతువు చంపుచుండును. మొదట భయానకము, పిదప అద్భుతము. కాని గని గోడలలో దొరకిన గుండ్రని రాళ్లు ఆ జంతువు గ్రుడ్లనియు, కార్మికు లెరుగక వేలకొలది పగులగొట్టిరనియు స్పాక్ మనోయోగముచే తెలిసినంతనే భయమంతయు మాతృదుఃఖముగా మారిపోవును. రాక్షసి యనుకొన్నది తల్లి యయ్యెను. ఇక కార్మికు లేమి చేయవలెను, నాయకు డేమి చేయవలెను? ఈ ‘ఏమి చేయవలెను’ అనునదే ధారావాహిక యంతటికి ప్రాణము. నౌక క్రొత్తలోకమునకు చేరుట ఎన్నడును గమ్యము గాదు. చేరిన పిమ్మట నెదురగు ధర్మసంకటమే గమ్యము.

ఈ నిర్మాణము మనకు బాగుగా తెలిసినదే. బేతాళకథలలో రాజు శవమును భుజమున వేసికొని నడచును. బేతాళు డొక కథ చెప్పి, దాని చివర చిక్కుప్రశ్న యడుగును. రాజు నోరు విప్పి తీర్పు చెప్పును. బేతాళుడు మరల చెట్టెక్కును. కథ కథకు లోకము మారును, పాత్రలు మారుదురు. రాజు మారడు, చెట్టు మారదు. ‘స్టార్ ట్రెక్’ అచ్చముగా నీ తీరునే సాగును. వారమున కొక గ్రహము, ఒక ప్రశ్న, ఒక తీర్పు, మరల నౌక కదలుట. అయితే యొక భేదము కలదు. విక్రమార్కుడు పరుల కథలకు తీర్పు చెప్పును. కర్క్ తాను దిగిన కథకే తీర్పు చెప్పవలెను. సాధారణముగా నీ భేదము పైకి దెలియదు; ఏలయన నతడు కథలోనికి దిగినను దులుపుకొని లేచివచ్చును. ఆ దులుపుకొనుట సాధ్యము గాని కథ యొక్కటి కలదు. పాఠభేదము గలదియు నదియే.

దాని పేరు ‘ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్’. అనంతకాలపు టంచున నున్న నగరమని యర్థము. 1967 ఏప్రిల్ 6వ తేదీన ప్రసారమైనది. దర్శకుడు జోసెఫ్ పెవ్‌నీ, రచయితగా పేరు పడినవాడు హార్లన్ ఎల్లిసన్. పొరపాటున నెక్కిన మందువలన మతి చలించిన మెకాయ్ ఒక నిర్జనగ్రహమున కాలద్వారములోనికి దూకి గతమును మార్చును. ఆ క్షణముననే ఆకాశమున తిరుగుచున్న నౌక లేకుండ పోవును. వీరెరిగిన చరిత్రయే లేకుండ పోవును. అతని నాపుటకై కర్క్, స్పాక్‌లు 1930 నాటి న్యూయార్కు నగరమునకు పోవుదురు. అది ఆర్థికమాంద్యము దేశమును పట్టి పీడించిన కాలము. పనిలేని పేదలకు గంజిపోయు నొక ధర్మసత్రమును ఎడిత్ కీలర్ అను యువతి నడపుచుండును. ఈ పాత్రను జోన్ కాలిన్స్ ధరించెను. మానవుడు నక్షత్రములకు పోవు దినము వచ్చుననియు, ఆకలియు రోగమును తీరుననియు నామె ఆ పేదలకు చెప్పుచుండును. వినువారిలో ఆ దినముననుండి వచ్చినవా డొకడున్నాడని ఆమె యెరుగదు. ఇంతకంటె చక్కని నాటకీయవక్రత యీ ధారావాహికలో మరి లేదు. కర్క్ ఆమెను ప్రేమించును.

స్పాక్ ఆ కాలపు రేడియోవాల్వులతో నొక యంత్రము కూర్చి రెండు చరిత్రలను చదువును. ఒకదానియందు ఆమె ఆ సంవత్సరమే వీధిలో వాహనప్రమాదమున మరణించును. రెండవదానియందు జీవించి, శాంతి ఉద్యమమునకు నాయకురాలై, 1936లో దేశాధ్యక్షునే కలిసికొనును. ఆ ఉద్యమమువలన అమెరికా యుద్ధమున ప్రవేశించుట యాలస్యమగును. జర్మనీ ముందుగా అణ్వస్త్రమును సాధించి జయించును. కావున నామె మరణింపవలెను. ఆమె శాంతివాదము సత్యమే యైనను కాలము కానిదని స్పాక్ చెప్పును. కడపటి దృశ్యమున నామె వీధి దాటుచుండగా బండి వచ్చును. రక్షింప నురికిన మెకాయ్‌ను కర్క్ రెండు చేతులతో పట్టి యాపును. పట్టుకొనుట చూపరులకు ఆలింగనమువలె నుండును; అతని కన్నులు మూతపడియుండును. తానేమి చేసెనో యెరుగుదువా యని వైద్యుడు నిలదీయగా సమాధానము చెప్పువాడు స్పాక్, కర్క్ పలుకడు.

ఇది ప్రసారపాఠము. ఎల్లిసన్ మూలపాఠమున మెకాయ్‌కు ఈ ప్రమేయమే లేదు. నౌకలో రహస్యముగా మత్తుపదార్థము లమ్మి, బయటపడునను భయమున హత్య చేసిన బెక్‌విత్ అను నీచుడు కాలద్వారమున పారిపోవును. చివర ఎడిత్‌ను కాపాడ నురుకువాడు వాడే. కర్క్ కదలలేక నిలిచిపోవును. బెక్‌విత్‌ను ఆపువాడు స్పాక్. రాడెన్‌బెరీ, జీన్ కూన్, డి.సి. ఫాంటానా మొదలగువారు దీనిని పలుమారులు దిద్దిరి. ఎల్లిసన్ తన పేరు తొలగించి మారుపేరు వేయుడని కోరెను, నిర్మాతలు సమ్మతింపలేదు. అతడు 1996లో మూలపాఠమును దీర్ఘమైన యుపోద్ఘాతముతో పుస్తకముగా వెలువరించెను. 2018లో మరణించువరకు ఆ కోపము వీడలేదు. రచయిత యభిమానము గౌరవింపదగినదే; కాని కోపము పాఠనిర్ణయమునకు ప్రమాణము గాదు.

మూలపాఠపు బలము తక్కువది కాదు. హంతకుడైన బెక్‌విత్ తన కేమియు గాని స్త్రీని కాపాడ నురుకుట గొప్ప యూహ. నీచునియందును ఒక్కక్షణము మంచి మెరయుననియు, ఆ మంచియే ఆ క్షణమున లోకమునకు చేటగుననియు నందు ధ్వనించును. ప్రేమచే కాళ్లాడక నిలిచిన నాయకుడు మానవసహజుడని ఎల్లిసన్ పక్షము వాదించును. ఒప్పుకొందును. కాని యట నిర్ణయము చేసినవా డెవడు? స్పాక్. అతనికి బుద్ధి యొకదారి, హృదయ మొకదారి యని లాగుట లేదు. లెక్క కట్టెను, తేలెను, చేసెను. లాగుడు లేనిచోట ధర్మసంకటము లేదు. సంకటము పడువా డొకడు, చేయువాడు వేరొకడు అయినపుడు రసము రెండుగా చీలును. ప్రసారపాఠమున రెండును ఒక్క దేహమున కలసినవి. పైగా ఆపబడినవాడు నీచుడు గాడు, ప్రాణములు కాపాడుటయే వృత్తిగా గల ప్రియమిత్రుడు. కర్క్ తన ప్రేమనే గాక మిత్రుని ధర్మమునుగూడ చేతులార నాపినాడు.

భవభూతి ‘ఉత్తరరామచరితము’ మూడవ యంకమున పంచవటిలో రాముని శోకము మనల నంతగా కలచుటకు కారణమేమి? సీత విడువబడినందుకు మాత్రమే కాదు, విడిచినవాడే యేడ్చుచున్నందుకు. దైవము తెచ్చిన దుఃఖమును లోకము పంచుకొనును. తాను తెచ్చుకొన్న దుఃఖమును పంచుకొనువా డుండడు. ఈ కారణమున ముగింపు విషయమున నేను దిద్దినవారి పక్షము వహించుచున్నాను. కవిపాఠనియమమునకు ఇది భంగమే. అయినను తాళపత్రలేఖకునికిని వీరికిని భేదము గలదు: వీరు ప్రమాదవశమున గాక, పాత్రల స్వభావ మెరిగి దిద్దిరి.

అయితే వీరు పోగొట్టినవియు కలవు. మూలమున ట్రూపర్ అను పాత్ర యొకటి యున్నది. వర్దన్ యుద్ధమున పోరాడి రెండు కాళ్లు పోగొట్టుకొని, న్యూయార్కు వీధులలో బిచ్చమెత్తుచు, కర్క్‌కు సాయపడి ప్రాణము కోల్పోవును. వాని మరణమువలన చరిత్ర యించుకంతయు మారదు. ఒక స్త్రీ బ్రదుకు లోకమునే మార్చుచుండగా, ఒక సైనికుని చావు లెక్కలోనికే రాకపోవుట ఈ కథలోని కాలతత్త్వమునకు రెండవ ముఖము. ప్రసారపాఠమున మెకాయ్ ఆయుధమును దొంగిలించి, దానితోనే మాయమైపోవు నొక బికారి మాత్రము మిగిలెను. ట్రూపర్‌కు అతడు ఛాయవలె తోచును గాని, అతని చావును గూర్చి యెవరును ఒక్కమాట యనరు.

ఇంకొక శంక కలదు; దానిని దాచుట న్యాయము గాదు. 1967లో అమెరికా వియత్నాము యుద్ధమున మునిగియుండెను. అట్టి యేట శాంతి కోరు స్త్రీ చావవలెనని కథ చెప్పుట నిర్దోషమా? దీనికి సమాధానము ఆ ధారావాహికయే రెండు వారముల ముందు చెప్పియున్నది. మార్చి 23వ తేదీన వచ్చిన ‘ఎరండ్ ఆఫ్ మెర్సీ’లో అమాయకుల వలె కన్పట్టు ఆర్గేనియా ప్రజలను ఆయుధము పట్టుడని కర్క్ ప్రబోధించును. వారు పట్టరు. చివర నిరుపక్షముల యుద్ధమును వారే ఆపి, తాము మానవులకంటె నెంతో పైమెట్టుననున్న జీవులని వెల్లడింతురు. యుద్ధము చేయు హక్కుకై తాను వాదించితినని కర్క్ సిగ్గుపడును. ఇట్లు రెండు వారముల యెడముతో నొకచో శాంతి బుద్ధిమంతుల ధర్మము, మరియొకచో కాలము తప్పిన ధర్మము. దీనిని పూర్వాపరవిరోధ మనువారు గలరు. ప్రతికథకు సిద్ధాంత మొక్కటియే కావలెనను పట్టుదల లేనివారికి ఇది దోషముగా తోపదు. 1968 ఫిబ్రవరి 2వ తేదీ నాటి ‘ఎ ప్రైవేట్ లిటిల్ వార్’లో కర్క్ తన వారికిని శత్రుపక్షమునకు సమానముగా తుపాకు లిప్పించును, ఆ తీర్పు కతడే సంతసింపడు. వీనిని చేర్చి చదివినచో ఎడిత్ మరణము శాంతివాదఖండనము గాదని స్పష్టము.

సంకటము మాయమై సిద్ధాంతము మిగిలినచోట ధారావాహిక యెట్లు చెడునో చూపుటకు 1969 జనవరి 10వ తేదీ నాటి ‘లెట్ దట్ బీ యువర్ లాస్ట్ బాటిల్‌ఫీల్డ్’ చాలును. ముఖము సగము నలుపు సగము తెలుపైన యిద్దరు పగవారు. ఒకనికి కుడిభాగము నలుపు, వేరొకనికి ఎడమభాగము. వర్ణవిద్వేషమును ఖండించు సదుద్దేశము శ్లాఘ్యము. కాని వ్యంగ్యము కావలసినది ముఖముపై పూసిన రంగై వాచ్యమైపోయినది. ఎదుట నున్నవారిలో నెవరి మాట న్యాయమో యని ప్రేక్షకుడు ఒక్క నిమిషమైన తడబడడు.

తిరిగి ఎడిత్ కథకు వత్తును. మూలపాఠము చివర నౌకలో స్పాక్ కర్క్‌ను ఓదార్చు దృశ్యము కలదు. దిద్దినవారు దానిని తీసివేసిరి. కాలద్వారము మరిన్ని యాత్రలకు పిలుచుచుండగా కర్క్ ఇటనుండి పోదమని విసుగుతో పలికి వెడలును, కథ ముగియును. ఆ మౌనము శిల్పదృష్టితో నొప్పిదమే. దుఃఖమునకు చోటీయని శిల్పము మాత్రము నాకు కొంత కఠినముగా తోచినది. తరువాతి గురువారము, ఏప్రిల్ 13వ తేదీన, ‘ఆపరేషన్: అనైహిలేట్!’ ప్రసారమైనది. అందు కర్క్ సోదరుడును వదినెయు మరణింతురు. ఎడిత్ పేరు ఒక్కసారియైనను వినబడదు. ఆ కథ చివర నౌకలో అందరును స్పాక్‌ను గూర్చిన యొక హాస్యమునకు నవ్వుచుందురు.