నేలనుండి నేరుగా పూచు పూవు

చెట్టునీడలో పూలమొక్క లేవియు బ్రతుకవని తీర్మానించుకొని, మామిడిక్రింది చోటును ఎండుటాకులకును పగిలిన కుండీలకును విడిచిపెట్టుట మన పెరళ్ళలో పరిపాటియైనది. ఆ నీడయే తనకు కావలసినదని కోరుకొను మొక్క యొకటి కలదు. ఎండ జల్లెడపట్టినట్లు చుక్కలుచుక్కలుగా మాత్రమే రాలు ఆ చోట, ఫాల్గుణము చివరనో చైత్రము తొలినాళ్ళనో, కాడగాని ఆకుగాని ముందు చూపక, మట్టిని చీల్చుకొని నేరుగా పూవునే వెలువరించు ఆ మొక్క భూచంపకము.

ఇది అల్లమునకును పసుపునకును జ్ఞాతి. పూవును చూడవలెనన్న నేలపై చతికిలబడక తప్పదు; చూచినకొలది వింతలే. పైకి నిలిచిన రెండు తెల్లని దళములును, క్రిందికి వాలి రెండుగా చీలిన ఊదారంగు పెదవియు రేకులని మనము భ్రమపడుదుము గాని, అవి రూపుమారిన కేసరములు. అసలు రేకులు వాని వెనుక సన్నని తెల్లని పట్టీలుగా వ్రేలాడుచుండును. పుప్పొడినిచ్చు కేసరము మిగిలినది ఒక్కటే. సామర్లకోటలో తోట పెంచి, పిమ్మట కలకత్తా చేరిన రాక్స్‌బర్గు దొర ఇట్టి యేకకేసర జాతులను గూర్చి 1810లో ప్రత్యేకముగ ఒక వ్యాసమునే ప్రకటించెను. ఉదయమున విరిసి ఘుమఘుమలాడు పూవు సాయంకాలమునకు సొలసిపోవును. ఐనను ఒకదాని వెనుక నొకటిగా మొగ్గలు వచ్చుచునే యుండును.

ఇంతకును దీని పెంపకములోని విద్య యెల్ల పూచు దినములలో గాక, ఏమియు కానరాని దినములలోనే యున్నది. కార్తికము దాటిన పిదప ఆకులు పసుపువారి, ఎండి, నేలకొరగి, వసంతారంభము వరకు ఆ చోట మొక్క యుండెనను ఆనవాలైనను మిగులదు. అప్పుడు చేయవలసినది నీరు పోయకుండుట. కుండలో నీరును చేతిలో తీరికయు గల తోటవానికి ఇంతకన్న కష్టమైన పని లేదు. వచ్చిన చుట్టములు ఊరకుందురా? "ఇంత చోటు ఖాళీగా వదిలేసేరేంటండీ, గుప్పెడు తోటకూర విత్తులైనా జల్లుకోకపోయేరా?" అని అడుగుచునే యుందురు. తోటకూరకు పోసిన నీటితో నిద్రించు దుంప కుళ్ళిపోవునని వారికి చెప్పి ప్రయోజనము లేదు; నాలుగు వెదురుపుల్లలు గ్రుచ్చి హద్దు కట్టుటయే మేలు.

దుంపలను విడదీయుటకు మాఘము తగిన కాలము. గునపము వాడక వ్రేళ్ళతోనే మట్టి కదల్చినచో, వేళ్ళ కొనలయందు గుండ్రని చిన్నకాయలు బయటపడును. వానిని చూచి విత్తనములు దొరకినవని సంబరపడరాదు. అవి నీటిని ఆహారమును దాచుకొన్న గాదెలేగాని మొలకెత్తునవి కావు. మొలకకన్ను గల నడిమి దుంపను ముక్కగా గ్రహించి, దానికి ఈ కాయలను కొన్నింటిని అంటియుంచి, 2 అంగుళముల లోతున పాతవలెను. గోదావరిసీమ రేగడిలో నీరు నిలుచును గనుక, మాగిన ఆకుఎరువును ఇసుకను ధారాళముగ కలిపి మడిని కొంత మెరక చేయుట యవసరము.

పూలు ముగియు వేళకు ఆకులు చుట్టలుగా నిటారున లేచును. పైన వెండిచారలు, అడుగున ముదురు ఊదారంగు; వానకాలమంతయు ఈ రంగులే మామిడిక్రింద రాజ్యమేలును. క్రోటనులకై నర్సరీలవెంట తిరుగువారు వీనిని చూడకుండుట నాకు వింతగనే తోచును. మిట్టమధ్యాహ్నపు టెండ సోకినచో మాత్రము అంచులు మాడును.

పొరుగింటి పిన్నిగారు ఏటేట దండకని ఈ పూవుల నడుగుదురు. దారమునకు చిక్కు కాడ యేది? మాఘమున వచ్చినచో దుంపయే త్రవ్వి యిచ్చెదనని చెప్పితిని. నీడపట్టున స్థలము చూచి యుంచుడని కూడ చెప్పితిని.