పదమూడేళ్లుగా చూడని ముఖం

పదమూడేళ్లుగా రోజూ చూస్తున్న మొహమే కదా, ఇప్పుడే మొదటిసారి చూసినట్టు అలా ఎలా చూడగలుగుతున్నావని కేట్ మొగుణ్ని అడుగుతుంది. ఆ మాట దగ్గర సినిమా ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ ఎన్నిసార్లు విన్నానో నాకే లెక్క తెలియదు. ఇంకే సంసారంలోనైనా అది మురిపెంగా అనే మాట. ఈ ఇంట్లో మాత్రం అక్షరాలా నిజం. ఎదురుగా ఉన్న జాక్ ఆమెను నిజంగానే పదమూడేళ్లుగా చూడలేదు. ఆ సంగతి అతనికి తెలుసు, మనకు తెలుసు, ఆమెకు తెలియదు. కావ్యాల్లో ధ్వని అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఇకమీదట నేను శ్లోకం చెప్పను, ఈ సన్నివేశం చూపిస్తాను.

సినిమా పేరు ‘ది ఫ్యామిలీ మ్యాన్’. మన సమంత రెండో సీజన్‌లో నటించిన గూఢచారి సిరీస్ కాదు. 2000 డిసెంబరులో వచ్చిన హాలీవుడ్ చిత్రం. దర్శకుడు బ్రెట్ రాట్నర్. జాక్‌గా నికొలస్ కేజ్, కేట్‌గా టీ లియోనీ. కథ 1987లో న్యూయార్క్ కెనడీ విమానాశ్రయంలో మొదలవుతుంది. జాక్ లండన్‌లో బ్యాంకు శిక్షణకు బయల్దేరుతుంటాడు. మనసు కీడు శంకిస్తోంది, వెళ్లొద్దంటుంది కేట్. అతను వెళ్తాడు. పదమూడేళ్లు గడిచేసరికి వాల్ స్ట్రీట్‌లో పెద్ద తలకాయ, ఫెరారీ కారు, ఒంటరి కొంప. క్రిస్మస్ ముందు రాత్రి ఓ కొట్లో తారసపడిన క్యాష్ అనే విచిత్రమైన మనిషితో, నాకేం తక్కువ లేదంటాడు. ఆ మనిషి మాయతో తెల్లారి కళ్లు తెరిస్తే, కొన్నాళ్ల కోసమే, న్యూజెర్సీలో ఓ మామూలు ఇల్లు, పక్కన కేట్, ఇద్దరు పిల్లలు. కొలువు మామగారి టైర్ల షాపులో. అమెరికాలోనూ ఇల్లరికపు హాస్యం ఇంత చక్కగా పండుతుందని నేననుకోలేదు.

1946లో ఫ్రాంక్ కాప్రా తీసిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’తో దీన్ని పోలుస్తుంటారు. పోలిక ఉంది, కానీ తిరగేసి. అక్కడి నాయకుడు ఊరు దాటాలని తపించి దాటలేకపోయినవాడు. తాను పుట్టకపోతే లోకం ఎలా ఉండేదో చూస్తాడు. జాక్ దాటిపోయినవాడు, తాను ఉండిపోతే ఇల్లు ఎలా ఉండేదో చూస్తాడు.

ఈ ఇంట్లో జాక్ దొంగవేషాన్ని మొదట పట్టేసింది పెద్దవాళ్లెవరూ కాదు, కూతురు ఆనీ. ఆ పిల్ల ఏడవదు, అరవదు. నాన్న రూపంలో వేరే గ్రహం నుంచి ఎవరో వచ్చారని తేల్చుకుని, తాపీగా ఇంటర్వ్యూ మొదలుపెడుతుంది. పిల్లలంటే ఇష్టమేనా? చాక్లెట్ పాలు కలపడం వచ్చా? మమ్మల్ని ఎత్తుకుపోవు కదా? జవాబులు విని తృప్తిపడి, భూమ్మీదికి స్వాగతం చెబుతుంది. అద్భుతరసాన్ని ఇంత చిన్న గిన్నెలో కాచి పోసిన దృశ్యం నాకు ఇంకెక్కడా కనబడలేదు. చాలా రోజుల తర్వాత, జాక్ నిజంగా తండ్రి అయిపోయాక, నువ్వు తిరిగొస్తావని నాకు తెలుసంటుంది ఆనీ. పాత నాన్నే తిరిగొచ్చాడని దాని నమ్మకం. ఈ కొత్త నాన్న వెళ్లిపోయే గడియ దగ్గరపడిందని మనకు తెలుసు. అక్కడ గుండె పట్టేస్తుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. జాక్ మీద మోజు పడే పొరుగింటావిడ గొడవ శుద్ధ దండగ. డబ్బు చెడ్డది, ఇల్లు మంచిదని సినిమా మాటిమాటికీ మన చెవిలో ఊదుతూ ఉంటుంది. అయితే దర్శకుడు ఎంత ఊదినా దుకాణంలో సూటు సన్నివేశం లొంగదు. రెండు వేల నాలుగొందల డాలర్ల సూటు తొడుక్కుని అద్దంలో చూసుకుంటాడు జాక్. పాతవాడు ఒక్క క్షణం తిరిగొస్తాడు, వెన్ను నిటారవుతుంది. ధర విని కేట్ బిత్తరపోతుంది, విప్పెయ్యమంటుంది. కొనలేకపోవడమంటే ఏమిటో ఆ విప్పడంలో ఉంది. ఏ ఉపన్యాసమూ దాన్ని మాయం చేయలేదు. తర్వాత పెళ్లిరోజుకి ఆ సూటు బ్రాండు పేరుని పోలిన నకలు సూటు తెచ్చి మురిపెంగా చేతికిస్తుంది కేట్. అతనికి పెళ్లిరోజే గుర్తులేదు.

ఆలంకారికులు విప్రలంభాన్ని, అంటే ప్రేమికుల వియోగాన్ని, విభజిస్తూ కరుణ విప్రలంభం అని ఒకటి చెప్పారు. ప్రియుడు చనిపోయినా మళ్లీ కలుస్తాడన్న ఆశ మిగిలి ఉండే వియోగం. ‘కాదంబరి’లో పుండరీకుడి కోసం మహాశ్వేత పడినది. ఈ సినిమాలో ఎవరూ చనిపోరు. ఒక సంసారం మొత్తం పోతుంది. నిద్రపోతే ఈ ఇల్లు ఉండదని తెలిసి జాక్ చివరి రాత్రి కుర్చీలో కూర్చుని, పడుకున్న కేట్‌ని చూస్తూ రెప్పలతో పోరాడతాడు. ఓడిపోతాడు.

మెలకువ వచ్చేసరికి మళ్లీ వాల్ స్ట్రీట్ జీవితమే. ఈ లోకపు కేట్ పెద్ద లాయరు, పారిస్ వెళ్లిపోతోంది. అదే విమానాశ్రయం. ఎక్కబోతున్న ఆమెని అంతమందిలో ఆపేసి, గొంతెత్తి జాక్ మొదట చెప్పేది ప్రేమ గురించి కాదు. మనకు జెర్సీలో ఇల్లుంది, ఇద్దరు పిల్లలు అంటాడు. ఆనీకి వయొలిన్ అంత బాగా రాదు, కానీ పట్టుదలగా వాయిస్తుంది. జాష్‌వి నీ కళ్లే, ఎక్కువ మాట్లాడడు. కనని తల్లికి ఆమె పిల్లల్ని పరిచయం చేస్తున్నాడు తండ్రి. కేజ్ గొంతులో అక్కడ నటన వినబడదు. బడి నుంచి ఇంకా ఇంటికి రాని పిల్లల గురించి చెబుతున్నట్టే ఉంటుంది.

ఒక్క కాఫీ తాగుదామంటాడు. సరేనంటుంది. ఆ తర్వాత కెమెరా అద్దానికి ఇవతలే నిలబడిపోతుంది. బయట మంచు కురుస్తోంది. లోపల చిన్న బల్ల, రెండు కప్పులు, ఇద్దరు మనుషులు. జాక్ ఏదో చెబుతున్నాడు, కేట్ వింటోంది. మొదటి విమానాశ్రయంలో వాళ్ల ప్రతి మాటా మనకు వినబడింది. ఈసారి ఒక్కటీ వినబడదు.