పాత్ర నోటి మాట

కాళ్ళకూరి నారాయణరావుగారి ‘చింతామణి’ నాటక ప్రదర్శనను 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించినది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరచుచున్నదని ఆర్యవైశ్య సంఘాలవారు మొరపెట్టుకొనుట ఇందుకు కారణం.

‘వరవిక్రయం’లో కట్నాన్ని, ‘మధుసేవ’లో మద్యపానాన్ని నిరసించిన సంస్కర్త నారాయణరావుగారు. ‘చింతామణి’లో ఆయన గురి వేశ్యాలోలత్వం. బిల్వమంగళుడు, భవానీశంకరుడు, సుబ్బిశెట్టి ముగ్గురూ ఆ వ్యామోహంలో చెడినవారే. మూలంలోనూ సుబ్బిశెట్టి హాస్యపాత్రే. అయితే కాలక్రమాన నటులు చప్పట్ల కొరకు ఆ పాత్ర నోట స్వకల్పితములైన ద్వంద్వార్థాలను చేర్చుతూ వచ్చినారు. హాస్యం వ్యసనాన్ని విడిచి కులాన్ని పట్టుకొన్నది. ఆ నవ్వుకు గురియైనవారి బాధ అబద్ధం కాదు.

కాని రచయిత వ్రాసినది వేరు. నటుడు ఆశువుగా కల్పించినది వేరు. రెండవదానికి మొదటిదానిని శిక్షించుట న్యాయం కాదు. ప్రభుత్వానికి అభ్యంతరకరమని తోచిన నాటకాన్ని ఆపివేయుటకు ఆంగ్లపాలకులు 1876లో చేసిన చట్టం 2018లో రద్దయినది. ఆ చట్టం పోయినను, నాటకాన్ని పరిశీలించుటకన్న ఆపుటయే సులభమను దృష్టి పోలేదు.

ఇందులో సాహిత్యలోకం తప్పూ కొంత కలదు. మూలమేదో ప్రక్షిప్తమేదో తేల్చి, రంగస్థలంపై వెకిలితనాన్ని ఖండించవలసిన విమర్శకులు దానిని పామరుల వినోదమని ఉపేక్షించినారు. విమర్శ చేయవలసిన పనిని చేయనిచోట నిషేధం ప్రవేశించినది. శుద్ధప్రతితో నాటకాన్ని మరల ఆడించి, నొచ్చుకొన్నవారినే ముందు వరుసకు ఆహ్వానించుట నేటికైనను చేయదగిన పని.