గ్రామఫోను మోటారు: శ్రుతి నిలిపే పనితనం

గ్రామఫోనులో పాట పలికేది ముల్లు దగ్గరే అయినా, ఆ పాటను శ్రుతిలో నిలిపేది పళ్ళెం కింద దాగి ఉన్న మోటారు; అందుచేత దాన్ని బాగుచేసే పనివాడిని సంగీత రక్షకులలో ఒకడిగా లెక్కించడం అతిశయోక్తి కాదు. నిమిషానికి 78 చుట్లు తిరగవలసిన ప్లేటు 74 చుట్లకు పడిపోతే శ్రుతి ఇంచుమించు ఒక స్వరస్థానం దిగిపోతుంది కనుక, నాటకరంగ నటులైన కపిలవాయి రామనాథశాస్త్రి పద్యమైనా, స్థానం నరసింహారావు పాటైనా అసలు గొంతుతో వినాలంటే మోటారు నిక్కచ్చిగా నడవవలసిందే.

గ్రామఫోనును కనిపెట్టిన బెర్లినర్ తొలి యంత్రాన్ని చేతితో తిప్పవలసి వస్తుండగా, 1896లో ఎల్డ్రిడ్జ్ జాన్సన్ దానికి నమ్మదగిన స్ప్రింగు మోటారును సమకూర్చాడు. 1908 నాటికి కలకత్తాలో ప్లేట్ల కర్మాగారం మొదలై, కరెంటు ఎరుగని పల్లెలకు కూడా కీ తిప్పే పెట్టె చేరే దారి ఏర్పడింది.

ఈ మోటారులో డ్రమ్ము అనే గుండ్రటి డబ్బాలో చుట్టిన ఉక్కుపట్టీయే శక్తినిస్తుంది. పళ్లచక్రాలు ఆ శక్తిని పళ్ళేనికి చేరుస్తాయి. పలుచని రేకులకు బిగించిన మూడు గుండ్లుండే గవర్నరు వేగాన్ని అదుపు చేస్తుంది. వేగం పెరిగినప్పుడు గుండ్లు బయటికి విచ్చుకొని, వాటితో కదిలే బిళ్లను తోలు మెత్తకు ఒరిపించడం వల్ల పరుగు తగ్గుతుంది. నడుస్తూ ఉండగా డబ్బాలో 'ధన్' మని చప్పుడైతే గ్రీజు గట్టిపడి స్ప్రింగు చుట్లు అతుక్కొని జారుతున్నాయనీ, పాట ఊగితే మెత్త ఎండిందనీ, లేదా గవర్నరు రేకు ఒకటి విరిగిందనీ అనుభవజ్ఞుడు చెవితోనే పట్టేస్తాడు. అటువంటివాడు స్ప్రింగును పూర్తిగా సడలించిన తరువాతే డబ్బా మూత విప్పుతాడు, ఎందుకంటే బిగువుగా ఉన్న ఉక్కుపట్టీ ఒక్కసారిగా తన్ని చేతిని చీల్చగలదు. పాత జిడ్డును కిరోసినుతో కడిగి, ఆరబెట్టి, గ్రాఫైటు గ్రీజు పట్టిస్తాడు. విరిగిన రేకు ఒక్కటే అయినా, బరువు, బిగువు సమానంగా ఉండాలని మూడింటినీ మారుస్తాడు. చివరగా 50 హెర్ట్జ్ కరెంటు దీపం కింద 77 గీతలున్న చక్రాన్ని పళ్ళెంపై పెట్టి, గీతలు నిలిచినట్టు కనిపించేదాకా వేగాన్ని సరిచేస్తాడు.

నాణెం వేస్తే పాడే జ్యూక్‌బాక్సుల విద్యుత్ మోటారుకు గవర్నరు లేకపోయినా, పరీక్ష మాత్రం అదే. అమెరికాలో 60 హెర్ట్జ్ కరెంటుకు చేసిన అటువంటి యంత్రాన్ని ఇక్కడ 50 హెర్ట్జ్‌కు తగిలిస్తే 45 చుట్ల ప్లేటు 37.5 చుట్లకు దిగుతుంది కాబట్టి, మోటారు ఇరుసు మీది కప్పీని ఆ నిష్పత్తిలో లావు చేయక తప్పదు. అయినా కరెంటు మీద ఆధారపడని స్ప్రింగు మోటారుదే అసలైన పెద్దరికం.

పులికాట్ సరస్సుకు చేరువలోని చిట్టమూరు వంటి తీరప్రాంతంలో ఉప్పుగాలి ఇనుమును త్వరగా తింటుంది. అక్కడ వాడకుండా అటకెక్కించిన మోటారుకు తుప్పే మొదటి శత్రువు, వంటనూనె పోసే అజ్ఞానం రెండవ శత్రువు. వీటిని మించిన ద్రోహం బజారులో జరుగుతోంది: పాత పెట్టెల మోటార్లను ఊడబెరికి, నాసిరకపు చెక్కలో బిగించి, మెరిసే ఇత్తడి బాకా తగిలించి, పాత గ్రామఫోను కంపెనీ గుర్తైన కుక్క బొమ్మ అంటించి, నూరేళ్ల నాటిదని అమ్ముతున్నారు. శ్రుతి నిలవని ఆ బొమ్మ హాలులో అలంకారంగా కూర్చుంటుంటే, దానికోసం చీల్చిన నిజమైన యంత్రం పాతసామాను కొట్టుకు పోతోంది.

పాత యంత్రం ఉన్న ప్రతి కుటుంబమూ దాన్ని తూకానికి వేయక, తెలిసిన పనివాడికి చూపించాలి. అతనికి చేతినిండా పని దొరికితేనే పక్కన ఒక కుర్రవాడు కూర్చొని ఈ విద్య నేర్చుకుంటాడు. ప్లేట్లను కంప్యూటరులోకి ఎక్కించి భద్రపరిచామని సంతృప్తి పడే సంస్థలు కూడా, వాటిని సరైన వేగంతో తిప్పగల చేతులకు జీతమిచ్చి నిలబెట్టుకోవడం తమ బాధ్యతేనని గుర్తించాలి.