ఎవరి టన్ను?

బైలదిల్లా ఇనుప రాయి కొండ దిగి, కొత్తవలస లైన్లో విశాఖకు రావడం మనకు ఎప్పటినుంచో తెలుసు. అదే రాయిని బస్తర్‌లోనే కరిగించేందుకు ఎన్‌ఎండీసీ కట్టిన ఉక్కు కర్మాగారం జగదల్‌పూర్ దగ్గర నగర్‌నార్‌లో ఉంది. ఏడాదికి 30 లక్షల టన్నుల సామర్థ్యం. తొలి హెచ్‌ఆర్ కాయిల్ (వేడిగా సాగదీసి చుట్టిన ఉక్కు రేకు) 2023 ఆగస్టులో తయారైంది. ఇంత కొత్త ప్లాంటును బొగ్గు నుంచి మళ్లించడం ఎలా? ఈ ప్రశ్న మీద కూర్చున్న ఓ పరిశోధన బృందంలో రాతపని నాది.

మొదటి రెండు నెలలూ టన్ను దగ్గరే పోయాయి. ఫర్నేస్ వాళ్ల టన్ను హాట్ మెటల్, అంటే కరిగిన ఇనుము. ఆర్థికవేత్తది అమ్మకానికి సిద్ధమైన ఉక్కు. పర్యావరణం చూసేవారిది కార్బన్ డయాక్సైడ్. ముగ్గురూ ఒకే పట్టిక నింపారు. కూడిక కుదిరింది, అర్థం కుదరలేదు. 2024 డిసెంబరులో కేంద్రం గ్రీన్ స్టీల్‌ను నిర్వచిస్తూ, టన్ను ‘ఫినిష్డ్ స్టీల్’కు ఉద్గారాలు 2.2 టన్నుల లోపు ఉండాలంది. ‘ఫినిష్డ్’ అన్న ఆ ఒక్క మాట ఎన్ని తగాదాలు తీరుస్తుందో నాకు తెలుసు.

లెక్కల మోడల్ రాసే అమ్మాయి ఓసారి అడిగింది: “కోక్ బదులు హైడ్రోజన్ వేస్తే ఖర్చెంత సార్?” ఫర్నేస్ మీద జీవితమంతా పనిచేసిన పెద్దాయన మర్నాడు న్యూస్‌పేపర్లో చుట్టి ఓ కోక్ ముక్క తెచ్చాడు. గాలి తగలకుండా కాల్చిన బొగ్గు అది. బూడిద రంగు, ఒళ్లంతా చిల్లులు. “నొక్కి చూడమ్మా.” చితకలేదు. “ఇది వేడినిస్తుంది, రాయిలో ఆక్సిజన్‌ను లాగేస్తుంది. పైనున్న బరువంతా మోస్తూ గాలికి దారిస్తుంది. హైడ్రోజన్ మోయలేదు. పైగా వేడి తనే తినేస్తుంది.”

“అయితే ఫర్నేసే మారాలా?”

“మారాలి.”

ఆమె మోడల్లో ‘ఇంధనం’ అన్న గడి కొట్టేసి మూడు గడులు చేసింది: వేడి, ఆక్సిజన్‌ను లాగడం, బరువు మోయడం. స్వీడన్‌లో 2016లో హైడ్రోజన్‌తో ఉక్కు చేసే హైబ్రిట్ ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు గని కంపెనీ, ఉక్కు కంపెనీ, కరెంటు కంపెనీ మొదటి నుంచీ కలిసే దిగాయి. వాళ్లు ఎంచుకున్నదీ బ్లాస్ట్ ఫర్నేస్ కాదు, రాయిని కరిగించకుండానే ఆక్సిజన్ తీసే డైరెక్ట్ రిడక్షన్.

ఊళ్లలో తిరిగొచ్చిన పరిశోధకురాలి దగ్గర టన్నులే లేవు. అక్కడి హల్బీ భాషలో విని రాసుకున్న మాటలున్నాయి, వాటికి మా పట్టికలో చోటు లేదు. అది మేము చేసిన తప్పు. ఒకరోజు ఆమె ఓ మాట చదివి వినిపించింది: హైడ్రోజన్ ప్లాంటు వస్తే నీళ్లు ఎక్కడివి? కిలో హైడ్రోజన్‌కు రసాయన లెక్క ప్రకారమే 9 లీటర్ల నీరు కావాలని మా బృందంలోని కెమిస్ట్‌కు తెలుసు. ఆ నీరు ఏ వాగుదో అంతవరకూ ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రం ఇద్దరూ నోటుబుక్కులు పక్కపక్కన పెట్టుకుని ఇంద్రావతి నది వేసవి నీటి లెక్కలు వెతకడం మొదలుపెట్టారు.