ఎదురుకాళ్ళ కాన్పు: ఒక పరిశోధన, ఒక తొందరపాటు

నెలలు నిండిన గర్భిణులలో నూటికి ముగ్గురు నలుగురికి బిడ్డ తల పైకి, పిరుదులు క్రిందికి ఉండును. దీనినే మనవారు ఎదురుకాళ్ళ కాన్పు అందురు. ఇట్టి బిడ్డను సహజముగా పుట్టనీయవలెనా, ఆపరేషను చేసి తీయవలెనా? ఈ ప్రశ్నకు 2000 సంవత్సరములో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఒక పరిశోధన సమాధానము చెప్పినది. ఆ సమాధానమును వైద్యలోకము స్వీకరించిన తీరు విమర్శింపదగినది.

చిక్కు ఎక్కడ నున్నదో ముందు చూతము. బిడ్డ శరీరములో అన్నిటికంటె పెద్దది, గట్టిది తల. అది ముందు వచ్చునపుడు గంటల తరబడి నెమ్మదిగా ఒదిగి దారి చేసికొనును. ఎదురుకాళ్ళలో తల చివర వచ్చును. ఒదుగుటకు వ్యవధి చాలదు. ఆ కొద్ది నిమిషములలో బొడ్డుత్రాడు నొక్కుకొని బిడ్డకు ప్రాణవాయువు తగ్గవచ్చును. కనుక ఫలితము కాన్పు చేయువారి చేతి నేర్పుపై ఎంతో ఆధారపడియుండును.

కెనడాలోని టొరంటోకు చెందిన మేరీ హన్నా, ఆమె సహచరులు 26 దేశములలో 2,088 మంది స్త్రీలను, చీట్లు వేసినట్లుగా, రెండు వర్గములు చేసినారు. శిశుమరణము గాని తీవ్రమైన హాని గాని ఆపరేషను వర్గములో 1.6 శాతము, సహజ కాన్పు వర్గములో 5 శాతము కనబడినది. వైద్యుల ఇష్టాయిష్టములకు తావీయని ఈ పద్ధతి మెచ్చదగినదే. కాని నెదర్లాండ్సులో రెండు నెలలలోనే ఎదురుకాళ్ళకు ఆపరేషన్లు 50 నుండి 80 శాతమునకు పెరిగినవి. ఒక్క పరిశోధనకు ఇంత బరువు మోపవచ్చునా?

బిడ్డ తల వెనుకకు వాలినదా అన్నది కొందరిలో స్కానింగు లేకయే అంచనా వేసినారు. 2004లో వెలువడిన నివేదిక ప్రకారము ఆ పిల్లలలో కొందరిని రెండేండ్ల వయసున పరీక్షింపగా, మరణములలోను ఎదుగుదల లోపములలోను రెండు వర్గములకు తేడా కనబడలేదు. పరీక్షించిన పిల్లలు తక్కువ గనుక ఇదియు కడపటి మాట కాదు. 2006లో వెలువడిన మరొక నివేదిక కొరకు ఫ్రాన్సు, బెల్జియములలో 8,105 మందిని పరిశీలించిరి. అచట తగినవారినే ఎంచి, నిపుణులు సహజ కాన్పు చేయగా చెప్పుకోదగిన తేడా లేకపోయెను. అయితే అచట చీట్ల పద్ధతి లేదు.

అపాయము లేదని నా వాదము కాదు. బ్రిటనులోని ప్రసూతివైద్యుల రాయల్ కాలేజి 2017లో ఇచ్చిన అంచనా ప్రకారము శిశుమరణము ఆపరేషనులో వేయింటికి 0.5, ఎదురుకాళ్ళ సహజ కాన్పులో 2. తల ముందు వచ్చు సహజ కాన్పులోనే 1. బిడ్డకు ఆపరేషను కొంత మేలు. కాని కడుపుపై పడిన కోత తరువాతి గర్భములలో మాయ, గర్భాశయములకు చిక్కులు తేగలదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 60.7 శాతము కాన్పులు ఆపరేషనుతోనే జరిగినవని తేలిన తెలంగాణలో ఈ మాట చిన్నది కాదు.

అన్నిటికంటె పెద్ద నష్టము నేర్పు పోవుట. చూడని కాన్పును యువవైద్యులు నేర్వలేరు. ఆపరేషను గదికి చేరక మునుపే బిడ్డ బయటపడుచుండిన, ఆదుకొను చేయి ఏది?

36వ వారమున బిడ్డ ఎదురుగా నున్నట్లు తెలిసిన, ఆసుపత్రిలో నిపుణులచే పొట్టపైనుండి బిడ్డను త్రిప్పించుట సాధ్యమా అని అడుగవలెను. సుమారు సగము మందిలో అది ఫలించును. ఇంటివద్ద ఎవరును దీనిని ప్రయత్నింపరాదు. త్రిప్పుట కుదరనిచో, ఇచట ఎదురుకాళ్ళ కాన్పు తెలిసినవారున్నారా అన్నది రెండవ ప్రశ్న. లేరన్నచో ఆపరేషనే క్షేమము. ఉన్నారన్నచో నిర్ణయములో తల్లి మాటకును చోటుండవలెను.